మేకు కొట్టని గోడ

అద్దాన్ని చట్రంలోకి మెల్లగా దించి, వెనక అట్ట బిగించాడు పటాలాయన. చుట్టుపక్కల వీధుల్లో సగం ఇళ్ల గోడలు ఆయన కట్టిన పటాలనే మోస్తున్నాయి. పెద్దవైతే తానే వెళ్లి, మేకు కొట్టి, తగిలించి వస్తాడు. ఆయన అద్దెకున్న ఇంటి గోడలు మాత్రం బోడిగా ఉంటాయి.

గోడలకు చెవులుంటాయంటారు. వాటికి నోరు కూడా ఉంటుందనీ, ఖాళీ చేసేరోజున ఇంటాయనకు చాడీలు చెబుతాయనీ ఆయన అనుమానం. అందుకే పెళ్లిఫొటో పటం తుండుగుడ్డ చుట్టుకుని మంచం కిందే ఉండిపోయింది. భార్య ఉన్నన్నాళ్లూ కిటికీ ఎదుటి గోడమీద వేలు పెట్టి చూపించేది.

"ఇక్కడ ఒక్క మేకు కొడితే కొంపేం మునగదు కదయ్యా?"

"అడ్వాన్సులో కోస్తాడే. మనిల్లు కట్టుకోనీ, ఆగు."

ఆగింది. ఆగి ఆగి, పోయిన చలికాలంలో కన్నుమూసింది.

ఇల్లు ఖాళీ చేసే రోజది. మధ్యాహ్నం కొట్టు కట్టేసి ఇంటికొచ్చాడు. సామాను కూతురింటికి చేరిపోయింది. ఆ పటమూ, పనిసంచీ మిగిలాయి. ఇక అడ్వాన్సు చేతికి రావాలి.

"వడ్డీ కూడా అడుగు నాన్నా. కొందరిస్తారట," అంది తీసుకెళ్లడానికొచ్చిన కూతురు.

"అసలొస్తే చాలమ్మా. ఆయన కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం."

ఇంటాయన వచ్చాడు. కుళాయి తిప్పి చూశాడు. గోడలన్నీ కలయజూశాడు. పటాలాయన కళ్లు ఆయన కళ్ల వెంటే తిరిగాయి. ఇంటాయన నవ్వుతూ కవరు అందించాడు. ఈ నవ్వు వెనక ఏముందో అని పటాలాయన డబ్బు లెక్కపెట్టాడు. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టాడు.

"ఎక్కువొచ్చిందే?"

"వడ్డీ అండీ. మీ డబ్బేగా ఇన్నేళ్లూ బ్యాంకులో ఉంది."

"సున్నానికేం కోయలేదా?"

"ఇన్నేళ్లుంటే గోడ మాయదా? అది నా ఖర్చే. అవునుగానీ, పటాలు కట్టేవారయ్యుండి ఇంట్లో ఒక్కటీ తగిలించుకోలేదేం?"

"మేకు కొడితే కోస్తారని."

"మేకుకా! భలేవారే! ఒక్కమాట అడిగుంటే నేనే కొట్టుకోమనేవాణ్ణి."

అడగొచ్చని ఆయనకు ఏనాడూ తట్టలేదు. కవరు జేబులో పెట్టుకుని కిటికీ ఎదుటి గోడవంక చూశాడు.

"ఇప్పుడొకటి కొట్టుకోనా?"

"వెళ్లిపోతూనా?" ఇంటాయన పటాలాయన కూతురివంక చూశాడు. ఆమె తల తిప్పుకుంది. "సరే, మీ ఇష్టం."

పటాలాయన సంచిలోంచి సుత్తి తీశాడు. భార్య వేలు పెట్టిన చోటును వెతుక్కోనక్కర్లేకపోయింది. రెండే దెబ్బలు. తుండుగుడ్డ విప్పి పటం తగిలించి, వంకర సరిచేసి, వెనక్కి జరిగి చూశాడు. ఆ తర్వాత దించి, చంకన పెట్టుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

కిటికీ ఎదుటి గోడకు కొత్త మేకు మిగిలింది. దాని కింద సున్నంపొడి ఇంకా సన్నగా రాలుతూనే ఉంది.