ఉత్తుత్తి గుండెనొప్పి

అద్దం ముందు నిలబడి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, మాస్టారు మళ్ళీ మూలిగారు. ఇందాకటి మూలుగు గొంతులోంచి వచ్చింది, అది పనికిరాదు. గుండెనొప్పి మూలుగు కడుపులోంచి లేవాలి, లేచింది సగంలో తెగిపోవాలి. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"ఇవాళేం రోగం?" అంది భార్య, గుమ్మంలోంచి తల మాత్రం పెట్టి.

"గుండె."

"భోజనాల వేళకి తగ్గుతుందా? పథ్యం వండమంటారా?"

మూలుగు కాస్తా నవ్వైపోయింది. ఆవిడ తడిచేత్తో ఆయన జుట్టు చెరిపి, రోగి ఇంత నున్నగా దువ్వుకోకూడదని చెప్పి వెళ్ళింది. ఆ తడి చల్లదనాన్ని నెత్తిమీద మోసుకుంటూ ఆయన బస్సెక్కారు.

రోగం లేకుండా ఆసుపత్రికి వెళ్తే జీతమిచ్చేవాళ్ళు కూడా ఉంటారా అని, పెళ్ళైన కొత్తలో అత్తవారు గుట్టుగా ఆరా తీశారు. మాస్టారు పనిచేసేది ఆరోగ్య బీమా కంపెనీలో. ఏటా ప్రీమియం కట్టే సభ్యులు ఒకవైపు. కార్డు చూపిస్తే చాలు వైద్యం చేస్తామని కంపెనీకి మాటిచ్చిన ఆసుపత్రులు మరోవైపు. ఆ ఆసుపత్రులన్నిటినీ కలిపి నెట్‌వర్క్ అంటారు. ఇచ్చిన మాట మీద నిలబడుతున్నారో లేదో చూడడానికి కంపెనీ ఈయన చేతిలో ఎవరి పేరు మీదో ఉన్న ఒక కార్డు పెట్టి, ఏదో ఒక జబ్బు తగిలించి పంపుతుంది. ఆఫీసులో అందరికీ ఆయన మూలుగుల మాస్టారు. కొత్తగా చేరినవాళ్ళకి మూలగడం నేర్పేదీ ఆయనే. నిజానికి ఒంట్లో జలుబు తప్ప ఏ జబ్బూ ఎరగని మనిషి.

ఇవాళ వెళ్తున్నది వంతెన అవతలి ఆసుపత్రికి. అవతలి ఒడ్డున ఉన్న సభ్యులందరికీ అదొక్కటే దిక్కు. ప్రాణం మీదకొచ్చి వచ్చినవాళ్ళని కూడా కుర్చీల్లో కూలేసి పట్టించుకోవడం లేదని ఫిర్యాదులొచ్చాయి. ఇవాళ కూడా అలాగే చేస్తే నెట్‌వర్క్‌లోంచి తీసేయడమేనని మేనేజరు తేల్చేశాడు. తీసేస్తే ఆ జనమంతా గుండె పట్టుకుని వంతెన దాటాలి. ఎలాగైనా పాసైతే బాగుండునని, పిల్లని పరీక్షకి పంపిన తండ్రిలా మాస్టారు దారంతా అనుకుంటూనే ఉన్నారు.

హాల్లో ఇనప కుర్చీలు ఒకదానికొకటి బిగించి ఉన్నాయి. ఒకరు కదిలితే వరసంతా కదులుతుంది. కౌంటరు అమ్మాయి కార్డు చూసింది, ఆయన మొహం చూసింది, మళ్ళీ కార్డు చూసింది. కూర్చోమంది. పక్క కుర్చీలో భారీ మనిషి ఒకాయన, చెంప అరచేతిలో ఆనించుకుని ఉన్నాడు. రిటైరైన బస్సు డ్రైవరట, అడక్కుండానే చెప్పాడు.

"పన్నండీ. దవడంతా ఒకటే లాగుడు. మీకో?"

"ఇక్కడ పట్టేసినట్టుంది," అని మాస్టారు ఛాతీ చూపించి, కడుపులోంచి ఒకటి లేపి సగంలో తెంపారు.

డ్రైవరు చెంప మీంచి చెయ్యి తీసేశాడు. "మరి కూర్చున్నారేంటి గురువుగారూ? ముప్పై ఏళ్ళు బస్సు తోలాను. హారన్ కొట్టకపోతే గేదె కూడా పక్కకి జరగదు. అరవండి."

నెత్తిమీద ఫాను గిర్రున తిరుగుతున్నా డ్రైవరు చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. భారీ మనుషులకి చెమటెక్కువ అనుకున్నారు మాస్టారు.

నర్సు చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. వరసలో ముందున్నది డ్రైవరే. ఆమె ఆయన వైపే తిరిగింది కూడా. కౌంటరులోంచి అమ్మాయి తల అడ్డంగా ఊపి, గడ్డంతో మాస్టారిని చూపించింది. డ్రైవరు నవ్వాడు.

"నాది పన్నేగా తల్లీ. పన్ను ఆగుతుంది, గుండె ఆగదు. ముందీయన్ని తీసుకెళ్ళు."

అసలు రోగి వంతు మనం తీసుకోకూడదు. కొత్తవాళ్ళకి మాస్టారు మొట్టమొదట చెప్పే మాట అదే. కానీ మూలుగు బ్రహ్మాండంగా కుదిరింది, ఆసుపత్రి బుద్ధిమంతురాలైన పిల్లలా పరుగెడుతోంది. పంటినొప్పికి పావుగంట ఆలస్యమైతే ఏం పోయింది? ఆయన చక్రాల కుర్చీలో కూర్చున్నారు.

లోపల దుప్పటికి ఎండలో ఆరిన వాసన. ఒక నర్సు వైర్లు అంటించింది, ఒకామె బీపీ చూసింది, మరొకామె తలగడ సర్దింది. డాక్టరు చెయ్యి వెచ్చగా ఉంది. మాస్టారు కళ్ళు మూసుకుని మనసులోనే మార్కులు వేస్తూ పోయారు. అప్పుడు కౌంటరు అమ్మాయి వచ్చి చెవి దగ్గర వంగింది.

"పోయినేడు కడుపునొప్పి మీదే కదా సార్? అప్పుడు నేను మార్కెట్టు దగ్గరి ఆసుపత్రిలో ఉండేదాన్ని. మూలుగు అదే."

డాక్టరు కూడా నవ్వాడు. మాస్టారు కళ్ళు తెరిచి చుట్టూ చూశారు. ఆసుపత్రి మొత్తం ఆయన మంచం చుట్టూనే ఉంది.

"బయట ఎవరున్నారమ్మా?"

"అందరం ఇక్కడే ఉన్నాం సార్."

ఛాతీలో పట్టేసినట్టుండడం. ఒళ్ళంతా చెమట. దవడ లాగడం. ఈ పాత్ర కోసం ఆయన బట్టీపట్టిన లక్షణాలు అవే. దవడ లాగుతోందని అనడం మరీ నాటకంగా ఉంటుందని ఆయనే వదిలేశారు.

వైర్లు పీకేసుకుని, చెప్పుల్లేకుండా పరుగెత్తారు. డ్రైవరు తల గోడకి ఆనించి ఉన్నాడు. ఎదుటి వరసలో పసిపిల్లని ఎత్తుకున్న ఒకామె వేలు పెదవుల మీద పెట్టి, ఇప్పుడే కునుకు పట్టింది లేపకండని సైగ చేసింది. మాస్టారు భుజం పట్టుకుని కుదిపారు. ఆ మనిషి కదల్లేదు, వరసంతా కదిలింది.

వెనకే వచ్చిన డాక్టరు డ్రైవర్ని నేలమీద పడుకోబెట్టి, ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కాడు. చాలాసేపు నొక్కాడు. తర్వాత నొక్కడం ఆపి, లేవకుండా అక్కడే కూర్చుండిపోయాడు. కౌంటరు అమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఒక స్తంభం వెనక్కి వెళ్ళిపోయింది.

స్ట్రెచర్ వెళ్ళిపోయాక జేబులో ఫోను మోగింది. మేనేజరు. గుండెనొప్పి అనగానే చూశారా అని అడిగాడు.

"చూశారు," అన్నారు మాస్టారు.

"అయితే పాసే. నెట్‌వర్క్‌లో ఉంచేద్దాం."

ఇంకో మాట చెప్పడానికి ఆయన నోరు తెరిచారు. అవతల మేనేజరు ఫోను పెట్టేశాడు. మాస్టారు ఇందాకటి కుర్చీ వైపు నడిచి కూర్చోబోయారు. పసిపిల్ల తల్లి నెమ్మదిగా చెప్పింది.

"అది మీదేనండి. లోపలున్నాయన మళ్ళీ వస్తాడు, నిలబడలేడు అని పెద్దాయన రుమాలు వేసి పట్టాడు. ఇద్దర్ని కూర్చోనివ్వలేదు కూడా."

కుర్చీలో నాలుగు మడతల నీలిగళ్ళ రుమాలు, ఒక మూల ఇంకా చెమటతో తడిగానే ఉంది.