మూడో లైనులో మూడు మంచాలు

ఎక్కువమంది ఎటుంటే ఎన్నికలో గెలుపు అటే అని చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ ఒకే తీరున నమ్ముతారు. సుధాకరరావు కూడా యాభై ఏడో ఏడు దాకా నమ్మాడు. అతను దేవుణ్ణి నమ్మడు, ముహూర్తాన్ని నమ్మడు, పేపర్లో వేసిన ఉష్ణోగ్రతను సైతం బాల్కనీలోని తన థర్మామీటరుతో సరిచూడందే నమ్మడు. అంతటి మనిషి ఈ ఒక్క మాటను మాత్రం ఎన్నడూ సరిచూడకుండా వదిలేశాడు.

దోహాలోని ఒక నిర్మాణ కంపెనీ డ్రాయింగు ఆఫీసులో అతనిది పదకొండేళ్ళ ఉద్యోగం. కాపురం ఉమ్ ఘువైలినాలో, రెండు గదుల ఫ్లాటులో. శుక్రవారం వచ్చిందంటే అల్ ఘర్రాఫా విల్లాల వెనక ఉన్న కంపెనీ క్యాంపుకు వెళ్ళి, నిజామాబాదు, కరీంనగర్ జిల్లాల మేస్త్రీలకూ సెంట్రింగు పనివాళ్ళకూ అర్జీలు రాసిపెట్టేవాడు. భార్య భానుమతి దానికి 'కోర్టు డ్యూటీ' అని పేరు పెట్టింది.

1997 ఏప్రిల్లో క్యాంపు మేనేజరు ఒక నోటీసు అతికించాడు. ఎండాకాలం పని వేళలు ఎలా ఉండాలో క్యాంపు కమిటీయే తేల్చాలి. తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి పన్నెండుకు దిగిపోవడమా, ఎప్పటిలా ఆరింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం ఎండంతా స్లాబు మీదే గడపడమా? కమిటీకి అయిదుగురు సభ్యులు. క్యాంపును అయిదు వార్డులు చేసి ఎన్నిక పెడతారు. కమిటీలో ఎటు ముగ్గురుంటే అదే నిర్ణయం.

మేనేజరు ఇంగ్లండు నైరుతి మూలనున్న డెవన్ నుంచి వచ్చిన ఆంగ్లేయుడు, మాట మీద నిలబడే మనిషి. అయితే అతని మొదటి జాబితాలో సూపర్‌వైజర్లు పద్దెనిమిది మందికి ఒక సభ్యుడు, మేస్త్రీలు ఎనభై మందికీ ఒక సభ్యుడే. సుధాకరరావు ఆ కాగితం పట్టుకుని అతని గదికి వెళ్ళాడు.

"మీ దేశంలో పార్లమెంటు నియోజకవర్గాలు ఇలాగే ఉంటాయా?"

"ఉండవు. జనాభా ఇంచుమించు సమానంగా ఉండేలా కమిషన్ గీస్తుంది."

"ఐల్ ఆఫ్ వైట్‌లో లక్షమందికి ఒకే సభ్యుడని చదివాను."

"అది దీవి, మిస్టర్ రావ్!"

"ఇది క్యాంపు. చుట్టూ నీళ్ళు లేవు."

మేనేజరు నవ్వి ఒప్పుకున్నాడు. కొత్త గీతలు తనే గీశాడు. క్యాంపులో అయిదు లైన్ల గదులున్నాయి. లైనుకు నలభై ఎనిమిది మంచాలు. ఒక్కో లైను ఒక్కో వార్డు. మే పదహారు, శుక్రవారం మధ్యాహ్నం ఎవరు ఏ మంచం మీద ఉంటే ఆ లైనులో ఓటరు. ఓటింగు ఆ పై శుక్రవారం. సుధాకరరావు సంతృప్తిగా ఇంటికి వచ్చాడు.

ఈ ఎన్నిక మీద అందరికన్నా ఎక్కువ ఆశ పెట్టుకున్నవాడు లస్మయ్య. జగిత్యాల దగ్గరి మేస్త్రీ. కిందటి జూలైలో మధ్యాహ్నం ఒంటిగంటకు అతని మేనల్లుడు తిరుమల్ స్లాబు మీద నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. తరవాత కంపెనీ అతన్ని స్టోరు నీడలో కూర్చోబెట్టింది కానీ, ఆ ఏర్పాటు మే నెలాఖరు వరకే. జూన్ ఒకటిన మళ్ళీ స్లాబు ఎక్కాలి. ఊరినుంచి అక్క గంగామణి పంపిన క్యాసెట్టులో ఒకటే మాట: "తమ్మీ, దుబాయ్ ఎండల పోరన్ని మల్ల నిలవెట్టకురా. నీ మీద పానం వెట్టుకోని ఉన్న." గంగామణికి ఖతర్ అన్నా దుబాయే. లస్మయ్య ఆ క్యాసెట్టును తలకింద పెట్టుకుని పడుకునేవాడు.

మే మొదటి వారంలో మేనేజరు ముఖం మాడ్చుకుని కనిపించాడు. అతని బల్ల మీద ఇంగ్లండు నుంచి వచ్చిన పత్రిక పరిచి ఉంది. మే ఒకటిన అక్కడ ఎన్నికలయ్యాయి.

"ఎవరైనా పోయారా?" అని అడిగాడు సుధాకరరావు.

"మా పార్టీకి రావలసిన సీట్లు పోయాయి. మా నైరుతి ఇంగ్లండులో సీట్లు యాభై ఒకటి. మా లిబరల్ డెమొక్రాట్లకు నూటికి ముప్పై ఒక్క ఓట్లు, లేబర్‌కు ఇరవై ఆరు. సీట్లు చూడండి. వాళ్ళకు పదిహేను, మాకు పద్నాలుగు. మిగతావి ఇంకో పార్టీవి."

"నియోజకవర్గాలు సమానమేనన్నారుగా?"

"సమానమే. కొత్తగా గీసి రెండేళ్ళే అయింది."

"మరి?"

"లేబర్ వాళ్ళ ఓట్లు బ్రిస్టల్, ప్లిమత్ లాంటి పట్టణాల్లో, గెలవడానికి కావలసిన చోట ఉన్నాయి. మావి పల్లెపల్లెనా పరుచుకుని ఉన్నాయి. చాలాచోట్ల రెండో స్థానం. రెండో స్థానానికి పార్లమెంటులో కుర్చీ వెయ్యరు."

సుధాకరరావు ఆ పత్రికను అడిగి తీసుకున్నాడు. ఆ సాయంత్రం భోజనాల బల్ల మీద ఒక పక్క నైరుతి ఇంగ్లండు పటం, ఇంకో పక్క క్యాంపు పటం పరిచాడు. ఓట్లు పల్చగా పరుచుకుంటే నష్టం. ఒకేచోట కుప్ప పడినా నష్టమే. అయితే క్యాంపులో సంగతేమిటి?

"ఇంతకీ ఇంగ్లండులో ఎవరు గెలిచారు?" అంది భానుమతి, పులుసు గిన్నె పెట్టే చోటు లేక చేతిలోనే పట్టుకుని.

"గెలవడం సంగతి కాదు. ఎవరెక్కడ పడుకుంటున్నారో చూస్తున్నాను."

"అన్నం ముందు పెట్టుకుని మాట్లాడే మాటలా అవి! ఆ కాగితాలు తీయండి."

అతను తీయలేదు. ఎండలో నిలబడి పనిచేసేవాళ్ళు నూట అరవై రెండు మంది. వాళ్ళకు నాలుగింటి డ్యూటీ కావాలి. డ్రైవర్లు, క్రేను ఆపరేటర్లు, స్టోరు వాళ్ళు, సూపర్‌వైజర్లు, అర్ధరాత్రి లేచి పొయ్యి వెలిగించాల్సి వచ్చే వంటవాళ్ళు డెబ్బై ఎనిమిది మంది. వాళ్ళకు ఆరు కావాలి. ఒకటి, రెండు లైన్లలో మొత్తం తొంభై ఆరు మంచాలూ ఎండలో పనిచేసేవాళ్ళవే. మిగిలిన మూడు లైన్లలో ఒక్కోదానిలో వాళ్ళు ఇరవై ఇద్దరు, అవతలివాళ్ళు ఇరవై ఆరుగురు. రెండు లైన్లు గెలుస్తారు, మూడు లైన్లు ఓడిపోతారు.

మేనేజరు తెలిసే గీశాడా? ఉద్దేశాన్ని నిరూపించలేం. అంకెలను నిరూపించవచ్చు. పైగా ఆ అంకెలకు కారణమైన కాగితం సుధాకరరావు ఫైలులోనే దొరికింది. ఒక ఊరివాళ్ళంతా ఒకే గదిలో ఉండి, ఒకే కుండలో వండుకుని తినడం క్యాంపులో అలవాటు. అందుకు వీలుగా ఒకటి, రెండు లైన్లు తమకే ఇప్పించాలని మూడేళ్ళ కిందట మేస్త్రీలూ సెంట్రింగు పనివాళ్ళూ పెట్టుకున్న అర్జీ అది. రాసిన చెయ్యి అతనిదే.

మే తొమ్మిది, శుక్రవారం. ఒకటో లైనులోని లస్మయ్య గదిలో పచ్చిపులుసు వాసన, ఎనిమిది మంచాల మీద పదిహేను మంది.

"ఏంది సారూ, మొకం గట్ల వెట్టిన్రు?" అన్నాడు లస్మయ్య. "నూట అరవై రెండు మందిమి ఉన్నం. ఆళ్ళు డెబ్బై ఎనిమిది. సగం కూడ లేరు. ఇగ బుగులేంది?"

"ఈ లైను గెలవాలంటే ఎన్ని ఓట్లు చాలు లస్మయ్యా?"

"ఇరవై అయిదు."

"నలభై ఎనిమిదీ మీవే. మిగతా ఇరవై మూడు ఓట్లూ ఏం చేస్తాయి?"

సుధాకరరావు ప్లైవుడ్ ముక్క మీద సుద్దతో అయిదు గీతలు గీసి, లైను లైనుకూ అంకెలు వేసి చూపించాడు.

"అంటే మామా," అన్నాడు తిరుమల్, "మనమందరం ఒక్కకాడ ఉండుడే మనకు దెబ్బ కొట్టిందన్నట్టు."

"ఆ అర్జీ రాసింది నేను," అన్నాడు సుధాకరరావు. "తప్పు నాది."

"మీరెందుకు సారూ, రాయుమన్నది మేమే కదా," అని లస్మయ్య లేచాడు. "గీతలు ఆయనయి. మంచాలు మనయి. పెట్టె వట్టుకోని అవుతల లైనుకు పోతే ఎవలన్న ఆపుతరా?"

"మే పదహారు మధ్యాహ్నం ఎక్కడుంటే అక్కడే ఓటు. నోటీసులో ఉన్నది అంతే. మూడో లైనుకు ముగ్గురు వెళితే చాలు. అక్కడినుంచి ఆరు గంటలవాళ్ళు ముగ్గురు ఇటు రావాలి. అప్పుడు అక్కడ మీరు ఇరవై అయిదు, వాళ్ళు ఇరవై మూడు."

ముగ్గురే అన్నా, ఎవరూ వెంటనే చెయ్యెత్తలేదు. ఊరి కుండ వదలడం చిన్న మాట కాదు. జ్వరమొస్తే నుదురు పట్టి చూసేవాడు, ఊరినుంచి కబురొస్తే పక్కన కూర్చునేవాడు ఈ గదిలోవాడే. చివరికి లస్మయ్య తన ట్రంకు పెట్టె మంచం కిందినుంచి బయటికి లాగాడు. తిరుమల్ తన దుప్పటి మడిచాడు. సెంట్రింగు పెద్దాయన ఒకడు "ఇద్దరు పోతే లెక్క తప్పదా?" అని గొణుక్కుంటూ మూడోవాడయ్యాడు.

మూడో లైనులో బస్సు డ్రైవరు హమీదుద్దీన్ ఉంటాడు, హైదరాబాదు పాతబస్తీ మనిషి. లస్మయ్య చెప్పింది విని కళ్ళు పెద్దవి చేశాడు.

"క్యా బోల్‌రా రే? నా ఓటు అడుగుతలేవ్, నా మంచం అడుగుతున్నవ్?"

"నీ ఓటు నువ్వే ఉంచుకో హమీద్ భాయ్. మంచమొక్కటి ఇయ్యి."

"నా ఓటు ఆరు గంటలకే. ముందే చెప్తున్న. నాలుగింటి డ్యూటీ అంటే నేను రెండున్నరకు లేవాలె."

"వేసుకో. ఒకటో లైనుల వేసుకో."

"వహాఁ మేరా ఓట్ క్యా కరేగా?"

"ఏం చెయ్యది. గందుకే అడుగుతున్న."

హమీదుద్దీన్ పడీపడీ నవ్వాడు. "దునియాల అందరు ఓటు అడుక్కుంటరు. నువ్వు నా ఓటును నాతోటే బయటికి మోయిస్తున్నవ్!" అన్నాడు. అయితే క్యాంపులో నమాజు చేసుకునే షెడ్డు ఒకటో లైను పక్కనే ఉంది. తెల్లవారుజామున ఇసుకలో అంత దూరం నడవడం అతనికీ, తోటి డ్రైవర్లు మక్బూల్‌కూ ఫసీయుద్దీన్‌కూ ఎన్నాళ్ళనుంచో విసుగు. "యల్లా, చలో," అని ముగ్గురూ పెట్టెలు ఎత్తుకున్నారు.

పదిహేడు, శనివారం ఉదయం మేనేజరు సుధాకరరావును పిలిపించాడు. బల్ల మీద ఓటర్ల జాబితా ఉంది. ఆరు పేర్ల కింద ఎర్ర గీతలున్నాయి.

"ఇది మీ పనేనా?"

"సలహా నాది. పెట్టెలు మోసింది వాళ్ళు."

"ఎన్నికల ముందు ఓటర్లను అటూ ఇటూ జరపడాన్ని మోసం అంటారు."

"గీత జరిపితే పద్ధతీ, మంచం జరిపితే మోసమూనా?"

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "మీరు క్యాంపు నివాసి కారు. మీకిందులో ఓటు కూడా లేదు. సెప్టెంబరులో మీ కాంట్రాక్టు పొడిగింపు నా బల్ల మీదుగానే పోతుందని గుర్తుందా?"

"ఉంది. నోటీసు మీద మీ సంతకం ఉన్న సంగతీ గుర్తుంది. మీకు ఇష్టమైతే జాబితా కొట్టేయండి. కానీ కొట్టేసిన కారణం కూడా రాసి, దాన్నీ ఆ బోర్డు మీదే అతికించండి. నేను తెలుగులో చదివి వినిపిస్తాను."

"నన్ను బెదిరిస్తున్నారా?"

"లేదు. మీ ప్రాంతంలో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళు ఒక సీటు తక్కువకు ఒప్పుకున్నారు. జాబితా చింపమని ఎవరూ అడగలేదు. అది మీ దేశపు పద్ధతి. ఆ పద్ధతినే ఇక్కడా నడపమంటున్నాను, అంతే."

మేనేజరు ఎర్ర గీతలున్న ఆరు పేర్లూ మరోసారి చదివాడు. తరవాత ముద్ర తీసి జాబితా మీద గట్టిగా వేశాడు. తలెత్తలేదు. సుధాకరరావు కూడా కృతజ్ఞతలు చెప్పకుండానే బయటికి వచ్చాడు.

ఆ వారమంతా లస్మయ్య మూడో లైనులో, పెద్దగా పలకరించని మనుషుల మధ్య, పై మంచం మీద పడుకున్నాడు. క్యాసెట్టు ఇక్కడా తలకిందే ఉంది. వంటవాడొకడు రోజూ కిందినుంచి, "ఏమయ్యా పరదేశీ, ఇంకా ఉన్నావా?" అనేవాడు. "ఓటు వడేదాక ఉంట. అటెనుక కూడ ఉంట. మంచం మంచిగున్నది," అనేవాడు లస్మయ్య.

1997 మే 23, శుక్రవారం సాయంత్రం అయిదు గంటలకు బోర్డు మీద అతికించిన ఫలితం ఇది.

ఒకటో వార్డు: నాలుగు గంటలకు 45, ఆరు గంటలకు 3.
రెండో వార్డు: నాలుగు గంటలకు 48, ఆరు గంటలకు సున్నా.
మూడో వార్డు: నాలుగు గంటలకు 25, ఆరు గంటలకు 23.
నాలుగో వార్డు: నాలుగు గంటలకు 22, ఆరు గంటలకు 26.
అయిదో వార్డు: నాలుగు గంటలకు 22, ఆరు గంటలకు 26.

మొత్తం ఓట్లు: నాలుగు గంటలకు 162, ఆరు గంటలకు 78. కమిటీలో సభ్యులు: నాలుగు గంటలకు ముగ్గురు, ఆరు గంటలకు ఇద్దరు.

జూన్ ఒకటి, ఆదివారం తెల్లవారుజామున నాలుగు గంటలకు తిరుమల్ స్లాబు ఎక్కాడు. పన్నెండు గంటలకు దిగాడు. ఆగస్టు నెలాఖరు దాకా ఆ స్లాబు మీద ఎండదెబ్బతో ఎవరూ పడిపోలేదు. సెప్టెంబరు ముప్పైతో ముగిసిన సుధాకరరావు కాంట్రాక్టును కంపెనీ పొడిగించలేదు.