తేదీ తిప్పని కంప్యూటరు

డుంబ్రిగుడ కాఫీ రైతుల సంఘం ఆఫీసులో కంప్యూటరు పొద్దున్నే లేవాలంటే రెండు పనులు జరగాలి. అటెండరు సుక్రు దానికి అగరొత్తి చూపించాలి, ఆ తర్వాత ఎఫ్ వన్ నొక్కాలి. తెర మీద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి, ఎఫ్ వన్ నొక్కితే గాని కదలనని అది రోజూ మారాం చేసేది. రెండేళ్లుగా అదే తంతు. ఆ నాలుగు ముక్కలూ ఏం చెబుతున్నాయో ఎవరూ చదవలేదు. విశాఖపట్నంలో కంప్యూటరు కోర్సు చేసొచ్చిన చిట్టెమ్మ కూడా చదవలేదు. చదువుకున్నవాళ్లు చేసే తప్పులు అలాగే ఉంటాయి మరి.

చిట్టెమ్మది హుకుంపేట దగ్గర ఊరు. పట్నంలో ఉద్యోగం వస్తే వద్దని, ఈ కొండల్లోనే ఉంటానని పట్టుబట్టి ఇక్కడ ఆపరేటరుగా చేరింది. రైతులు బస్తాలు గోడౌన్లో దింపి, ధర కనుక్కోవడానికి కొండెక్కి ఆఫీసుకొచ్చి, మళ్లీ దిగడం రోజూ చూసేది. చూసి చూసి ఒక ఆలోచన చేసింది. ఆఫీసులో ఉన్న ఈ పాత కంప్యూటరును వెబ్ సర్వరుగా మార్చేస్తే, వైరు లాగిన గోడౌన్ కంప్యూటర్లోనే ఆనాటి కాఫీ, మిరియాల ధరలు కనిపిస్తాయి. ఎవరూ కొండెక్కక్కర్లేదు.

మేనేజరు సర్వేశ్వరరావు విశాఖ నుంచి ఫోన్లోనే తేల్చేశాడు. "సోమవారం మధ్యాహ్నం వస్తాను. పనిచేస్తే సరే. లేకపోతే ఆ మిషను మా ఆఫీసుకు తెచ్చేసుకుంటా. మిషను లేనిచోట ఆపరేటరు పోస్టు కూడా ఉండదు, నువ్వూ ఇక్కడికే రావాలి, ముందే చెబుతున్నా."

లినక్స్ సీడీ మీద సరిగ్గా వెబ్ సర్వరును నడిపే అపాచీ ఉన్నచోటే గీత పడింది. ఇంటర్నెట్లో దింపుకుందామంటే ఆ కొండల్లో ఫోను లైను మాటకే దిక్కులేదు. చివరికి ఏదో పత్రికతో వచ్చిన సీడీలో అపాచీ సోర్సు దొరికింది. అంటే బియ్యం దొరకలేదు, వడ్లు దొరికాయి, దంచుకోవాలి. ఆ దంపుడికి 'మేక్' అని పేరు. మేక్ అని కొట్టి వదిలితే కంప్యూటరు ఒక్కో ఫైలూ తీసుకుని కంపైల్ చేసుకుంటూ పోతుంది. ఆ ముసలి మిషనుకు గంటా పది నిమిషాలు పట్టే పని.

ఆషాఢం గాలులు. కరెంటు గంటసేపు నిలకడగా ఉంటే గొప్ప. యూపీయస్ ఉందంటే ఉంది, దాని మీద ఫైళ్లు పెట్టుకోవడానికి. మూడు రోజుల్లో ఆరుసార్లు మేక్ మొదలుపెడితే ఆరుసార్లూ మధ్యలో కరెంటు పోయింది. పోతే పోయింది, మేక్ ఆగిన దగ్గర్నుంచి చేసుకుంటుంది, పుస్తకంలో అలాగే రాశారు. కానీ ఈ మిషను ప్రతిసారీ ఒకటో ఫైలు నుంచి మొదలుపెట్టేది. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. చిట్టెమ్మ పుస్తకాన్ని తిట్టింది, మిషనును తిట్టింది, కరెంటాఫీసుకు ఫోన్ చేసి వాళ్లనూ తిట్టింది.

సోమవారం పొద్దున్న సుక్రు తన బల్ల దగ్గర కూర్చుని తేదీ ముద్ర చక్రాలు తిప్పుతున్నాడు. ఆఫీసులో ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన పని అది. ముద్ర పడని కాగితాన్ని ఆయన కాగితమని ఒప్పుకోడు. పద్నాలుగు, ఏడు, రెండువేల మూడు. చిత్తుకాగితం మీద ఒకసారి కొట్టి, మురిసిపోయి, చిట్టెమ్మ కళ్లల్లో నీళ్లు చూసి లేచొచ్చాడు.

"ఏటయినాది గుంటా?"

"ఏటీ కాలేదు మావా. ఈరోజుతో సరి. నన్నూ దీన్నీ కలిపి పట్నం పంపేత్తారు."

సుక్రుకు ఇంగ్లీషు రాదు. అంకెలు మాత్రం ఆయన్ని దాటి పోలేవు. తెర మీది ఫైళ్ల జాబితా వైపు వంగి చూశాడు.

"ఇయ్యేటి?"

"అవి సీడీలో వచ్చినవి. ఇవి నేను శనివారం చేసినవి."

"శనివారం సేత్తే తొంభయ్యెనిమిది అనుందేటే? ఆ సీడీవేమో రెండువేల రెండు. తల్లికన్నా పిల్ల పెద్దదా? దీని ముద్ర ఎవులూ తిప్పడం లేదేటి?"

చిట్టెమ్మ గబుక్కున లేచింది. కరెంటు తీసి మళ్లీ పెట్టింది. తెర మీద ఆ నాలుగు ముక్కలూ వచ్చాయి. ఈసారి ఎఫ్ వన్ నొక్కకుండా చదివింది. లోపలి బ్యాటరీ అయిపోయింది, తేదీ పోయింది, సరిచూసుకోండి. రెండేళ్లుగా పాపం అది మొత్తుకుంటూనే ఉంది. కరెంటు పోయినప్పుడల్లా దానికి మళ్లీ తొంభై ఎనిమిది జనవరి ఒకటో తేదీయే. తను చేసిన ఫైలు సోర్సు కన్నా పాతదిగా కనిపిస్తే, ఇది పనికిరాదు అనుకుని మేక్ మళ్లీ చేసుకుంటోంది. దాని తప్పేముంది?

తేదీ పెట్టి, పాతవన్నీ తుడిచేసి, మేక్ కొట్టింది. కరెంటు పోతే ఏం చేయాలో సుక్రుకు నేర్పింది. 'డేట్' అని నాలుగక్షరాలు, ఆ వెనక నెల, రోజు, గంట, నిమిషం, ఏడాది. ఆయన చేతి మీద రాసుకున్నాడు.

యాభై నిమిషాలు గడిచాయి. కరెంటు పోయింది. సరిగ్గా అప్పుడే జీపు వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. సర్వేశ్వరరావు దిగాడు, వెనక డ్రైవరు గోనెసంచులూ తాడూ దించాడు. ముందే కట్టుకుపోవడానికి సిద్ధపడి వచ్చారన్నమాట. ఆ తాడు చూసేసరికి చిట్టెమ్మకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఏమ్మా, అయిందా?" అని బదిలీ ఉత్తర్వు కాగితం సుక్రు బల్ల మీద పెట్టాడు.

"ఇంకో ఇరవై నిమిషాలు సార్."

"కరెంటే లేదు కదా."

"కాఫీ తాగండి సార్, ఈలోగా వచ్చేస్తుంది," అని ఆయన్ని కిందకి, గోడౌన్ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన కాఫీ సగం తాగేలోపు బల్బు వెలిగింది. చిట్టెమ్మ పరుగున పైకొచ్చేసరికి సుక్రు ఎడమచేత్తో ముద్ర పట్టుకుని, కుడిచేతి ఒంటివేలితో అంకెలు ఒక్కోటీ పైకి చదువుతూ కొడుతున్నాడు. మేక్ కొట్టింది. మిషను ఈసారి అయిపోయిన ఫైళ్ల జోలికి పోకుండా ఆగిన చోటి నుంచే సాగింది. చిట్టెమ్మ సుక్రు భుజం పట్టుకుని ఊపేసింది.

అరగంట తర్వాత గోడౌన్ కంప్యూటర్లో పేజీ తెరుచుకుంది. ఈరోజు కాఫీ ధర, మిరియాల ధర, లారీ వచ్చే టైము. బస్తా మీద కూర్చున్న సోములమ్మ అనే ముసలి రైతు మనవరాలి చేత రెండుసార్లు చదివించుకుని, "అయితే నానింక ఆ కొండెక్కక్కర్లేదా?" అంది. సర్వేశ్వరరావు తనే ఇంకోసారి పేజీ తెరిచి చూసుకుని, నవ్వి, "ఆ కాగితం ఫైల్లో పడేయండి," అని జీపెక్కాడు.

గోనెసంచులు ఇక్కడే మర్చిపోయాడు. చెమ్మ తగలకుండా సుక్రు వాటిని కంప్యూటరుకు కప్పాడు.

తర్వాత బల్ల దగ్గర కూర్చుని ఉత్తర్వు కాగితం ముందు పెట్టుకున్నాడు. కంప్యూటరునూ ఆపరేటరునూ విశాఖ పంపమని సంతకంతో సహా ఉంది. సుక్రు ముద్ర చక్రాలు ఒక్కోటీ వెనక్కి తిప్పాడు.

"ఏటి సేత్తన్నావు మావా?"

"ముద్ర పడకుండా ఫైల్లో ఎలా పెడతానే?" అని గట్టిగా కొట్టాడు. ఒకటి, ఒకటి, పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది.