అత్తయ్య కదలని రెండు నిమిషాలు

“పంచదార డబ్బా ఏదే?” అని అడిగితే మా అమ్మాయి తైనారా తలెత్తకుండా, “ఖాళీ చేశాను” అంది. పంచదార ప్లాస్టిక్ సంచిలో ఉంది, సంచి మీదకి అప్పటికే చీమలబారు. డబ్బాని ఒళ్లో పెట్టుకుని లోపలంతా నల్లరంగు పూస్తోంది.

“ఇంట్లో ఇన్ని ఉండగా నా పంచదార డబ్బాయే దొరికిందా?”

“ఇది పాలపొడి వచ్చిన డబ్బా కదమ్మా, మూత బిగుతుగా ఉంటుంది. వెలుతురు దూరకూడదు.”

“చీమలు మాత్రం దూరొచ్చు.”

“మీ అమ్మ చీమలకి భయపడ్డంత ఈ కొండమీద పోలీసులకి కూడా ఎవరూ భయపడరు,” అంది మా అత్తయ్య జెఫీన్యా గుమ్మంలోంచి. ఆవిడ ఎప్పుడూ మనవరాలి పక్షమే.

శనివారాలు కొండకింద చర్చి హాల్లో ఆ తరగతి. మా కొండమీది పిల్లలూ, కింద రెసిఫీ నగరంలో సముద్రపు ఒడ్డు మేడల్లోని పిల్లలూ ఇద్దరిద్దరుగా జతకట్టి, డబ్బాకి సూదిమొనంత చిల్లు పెట్టి, లోపల ఫోటో కాగితం అమర్చి బొమ్మలు తీస్తారు. తైనారాకి జత లొరేనా, పన్నెండో అంతస్తు పిల్ల. మొదటిసారి మా ఇంటికి మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. నూట ఎనభై మూడట. ఇక్కడే పుట్టిన మేమెవరమూ లెక్కపెట్టలేదు.

అత్తయ్య ఫోటో అంటే మొహం తిప్పేసుకునే మనిషి. “నవ్వమంటారు. నవ్వడానికి పళ్లెక్కడున్నాయి?” అనేది. మా పెళ్లి ఫోటోలో ఆవిడ వీపే ఉంది. డబ్బాకి మాత్రం ఒప్పుకుంది.

“నవ్వక్కర్లేదు అవ్వా. రెండు నిమిషాలు కదలకపోతే చాలు,” అంది లొరేనా.

“ఫాదర్ ప్రసంగం కంటే చిన్నదేగా,” అని గుమ్మం మెట్టుమీద కూర్చుంది అత్తయ్య.

అది బుధవారం. నేను పొయ్యి దగ్గర్నుంచి చూశాను. ఎప్పుడూ ఏదో ఒకటి ఏరుతూ, గిల్లుతూ ఉండే ఆ చేతులు మోకాళ్లమీద ఊరికే ఉండగా చూడటం అదే మొదలు. తరవాత పిల్లలు చిల్లు మూసి, మూతచుట్టూ టేపు వేసి, డబ్బాని వంటగది అరలో పెట్టారు. “శనివారం దాకా తెరవకూడదు,” అని తైనారా మూడుసార్లు చెప్పింది.

గురువారం పొద్దున అత్తయ్య లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు.

ఇంటినిండా జనం. కాఫీ మీద కాఫీ కాస్తున్నాను. మా కొండమీద చీమల బెడదకి పంచదార డబ్బా మూతచుట్టూ టేపు వేయని ఇల్లు లేదు. పదేళ్లుగా చెయ్యి ఎరిగిన డబ్బా, ఎరిగిన అర. టేపు లాగి మూత తీశాను. లోపల వంపు తిరిగిన తెల్లకాగితం.

దానిమీద ఏమీ లేదు. బొమ్మ అసలు పడనేలేదేమో, నేను పాడుచేసిందేమీ లేదేమో అనుకున్నాను. అలా అనుకోవడం ఆ క్షణాన తేలిక. మూత పెట్టి మళ్లీ టేపు చుట్టాను. ఎవరూ చూడలేదు.

శుక్రవారం ఖననం అయ్యాక లొరేనా పూలు పట్టుకుని వచ్చింది. పోతూ పోతూ, రేపు తరగతికి తనే తెస్తానని డబ్బా తీసుకెళ్లింది.

శనివారం చీకటిగదిలో, బొమ్మ పైకి తేలాల్సిన మందునీళ్లలో, కాగితం ఈ అంచు నుంచి ఆ అంచుదాకా నల్లబడిందట. ఎవరో వెలుతుర్లో తెరిచారని మేష్టారు చెప్పారట.

“ఇంకెవరు? నిన్నటినుంచీ దాని దగ్గరేగా ఉంది,” ఇంటికొచ్చి చెప్పింది తైనారా. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. “అందరిముందూ అడిగేశాను. తెరవలేదంటుంది. మా నాన్నమ్మ దానికో వింత. మేడపిల్ల కదా, అడిగేవాళ్లు లేరనుకుంది.”

నా భర్త జెనివాల్ దానికి మంచినీళ్లు అందించాడు. నేను గిన్నె తోముతూనే ఉన్నాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది.

తరవాతి శనివారం లొరేనా తరగతికి రాలేదు. కుళాయి దగ్గర పక్కింటి ఐవొనేచి నాతో, “వస్తువు కనపడకపోతే ఎప్పుడూ మనవాళ్ల సంచులే వెతుకుతారు. ఒక్కసారి వాళ్లమీద పడిందిలే, పడనీ,” అని నవ్వింది. మా అమ్మ ఆ మేడల్లో వంట చేసేది. రోజూ ఇంటికి బయల్దేరే ముందు సంచి విప్పి చూపించాలి. కొన్నాళ్లకి ఎవరూ అడక్కపోయినా, మా ఇంట్లో కూడా, సంచి విప్పి పెట్టడం ఆవిడకి అలవాటైపోయింది. నేను బిందె సగం నిండకుండానే ఎత్తుకుని వచ్చేశాను.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. బీన్స్, అన్నం, వేయించిన కర్రపెండలం పిండి.

“గుర్తింపు కార్డులో అమ్మ ఫోటో ఉంది. అది పెద్దది చేయిద్దాం,” అన్నాడు జెనివాల్.

“అది నాన్నమ్మ కాదు నాన్నా. ఎవరో భయపడ్డ ఆవిడ,” అంది తైనారా. “మేష్టారు నాకు వేరే జత ఇస్తానన్నారు. లొరేనా మానేసిందిట.”

“ఆ డబ్బా తెరిచింది నేను,” అన్నాను.

ఇద్దరూ తినడం ఆపారు.

“ఎప్పుడు?” అంది తైనారా.

“గురువారం. కాఫీలోకి పంచదార కోసం.”

“నేను లొరేనాని అందరిముందూ అన్నాను. నేనొచ్చి నీకు చెప్పాను కూడా.”

“చెప్పావు.”

జెనివాల్ నా వంక చూడలేదు. కూతుర్ని అడిగాడు. “అందులో మా అమ్మ నిజంగా ఉందా? తెరిచేదాకా?”

“ఉంది నాన్నా. అస్సలు కదల్లేదు.”

అతను కంచం పక్కకి జరిపాడు. నేను ఏడవలేదు. ఆ టేబుల్ దగ్గర ముందు ఏడవాల్సింది నేను కాదు.

“అన్నం తిని లేచాక లొరేనా వాళ్లింటికి వెళ్తున్నాను,” అన్నాను. “దానికీ, వాళ్లమ్మకీ చెప్తాను. శనివారం తరగతికి వచ్చి అందరిముందూ కూడా నేనే చెప్తాను.”

“నేన్నీతో రాను,” అంది తైనారా.

“రమ్మనలేదు. నువ్వు దానికి చెప్పాల్సింది నువ్వెప్పుడు చెప్తావో నీ ఇష్టం. నాది ఇవాళే చెప్తాను.”