కవ్వం సైకిలు

పిచ్చేశ్వరరావు రేసు సైకిలు కొన్నది వేగం కోసం కాదు, వయసు మీద పడుతోందని. నలభై దాటాక ఒంటికి బొజ్జ వచ్చింది, ఊళ్ళోకి కేబుల్ టీవీ వచ్చింది, అందులో సైకిల్ పందేలు వచ్చాయి. వీటిని కలిపి ఆలోచించగల తెలివి మొవ్వ మండలం మొత్తమ్మీద తనకొక్కడికే ఉందని అతని నమ్మకం. పాత సైకిలు అమ్మేసి, గుడివాడలో అందరికన్నా చవగ్గా ఇచ్చేవాణ్ణి వెతికి, వంపు హ్యాండిలూ సన్న టైర్లూ ఉన్న బండి తెచ్చుకున్నాడు. దాని వెనక క్యారియర్ బిగించి, భార్య రాజకుమారి తోడుపెట్టిన గేదె పెరుగు కుండ కట్టుకుని, రోజూ పొద్దున్నే చల్లపల్లిలో బాలస్వామి హోటలుకు వెళ్ళేవాడు.

బాలస్వామికి ఒక పద్ధతి ఉంది. మూత తీసి కుండ పక్కకు వంచుతాడు. పెరుగు కదలకపోతేనే తీసుకుంటాడు. కొత్త సైకిలు వచ్చిన దగ్గర్నుంచీ వంచగానే నీళ్ళు కారుతున్నాయి.

“పిచ్చేశ్వర్రావుగారూ, నేనడిగింది పెరుగండీ. మీరు దార్లో చిలుక్కొస్తున్నారు. రేపు కూడా ఇట్టాగే ఉంటే అవనిగడ్డ నుంచి తెప్పించుకుంటాను. ఏమనుకోమాకండి.”

ఆ హోటలు పోతే గేదెలకు తవుడు కొనడం కూడా కష్టమే. ఇంటికొచ్చి పనిలో దిగాడు. సీటు మీద స్పాంజి కట్టాడు. హ్యాండిలుకు పాత ట్యూబు చుట్టాడు. క్యారియర్ మీద కొబ్బరి పీచు పరిచి, దానిమీద గడ్డి చుట్టకుదురు పెట్టాడు. బండి తేలిగ్గా పోతే కుదుపూ తగ్గుతుందని చివర్న టైర్లకు ఇంకాస్త గాలి కొట్టాడు. బొటనవేలితో నొక్కితే వేలే వంగింది. తన పనితనానికి తనే మురిసిపోయాడు.

అరుగు మీద కూర్చుని చూస్తున్న రాజకుమారి, “ఏమండీ, ఆ చక్రం రబ్బరుదేనా?” అంది.

“కాకపోతే?”

“మా నాన్న ఎడ్లబండికి ఇనప పట్టా చక్రాలుండేటప్పుడు బందరు నుంచి కుండలు తెస్తే సగం పెంకులే. టైర్లు వేయించాక ఒక్కటి పగిలితే ఒట్టు. మెత్తగా ఉంటుందనేగా రబ్బరు పెట్టింది. మీరు దాన్ని మళ్ళీ ఇనుము చేశారు.”

“రేసు సైకిలుకి గాలి ఇట్టాగే ఉండాలే. నీకేం తెలుసు.”

“ఆ టీవీలో వాళ్ళు వెనకాల పెరుగు కుండ కట్టుకున్నారా?”

పడుకునే ముందు టైర్లను ఇంకోసారి బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు. తెల్లారుతూనే ఆమె కంటబడకుండా సైకిలును గేదెల పాక వెనక్కి నడిపించుకెళ్ళి, రిమ్ము నేలకు తగలనంత ఉంచి, రెండు టైర్లలోనూ గాలి వదిలాడు. దొంగతనం చేస్తున్నవాడిలా ఆ బుస్సుమనే చప్పుడుకు ఉలిక్కిపడ్డాడు కూడా.

దారి పొడుగునా ఎదురైనవాళ్ళంతా, “మావయ్యా, గాలి తగ్గింది చూసుకో” అని చెబుతూనే ఉన్నారు. టైర్లు అతని నడుములాగే పక్కలకు ఉబ్బి ఉన్నాయి. తొక్కడం బరువుగా ఉంది. అయితే కూచిపూడి దాటినా రోజూలా అరిచేతులు తిమ్మిరెక్కలేదు. అది భార్య మాట వల్లేనని ఒప్పుకోవడానికి మాత్రం చల్లపల్లి దాకా పట్టింది.

బాలస్వామి కుండ వంచాడు. ఇంకొంచెం వంచాడు. పెరుగు కదల్లేదు.

“సైకిలు మార్చారాండీ?”

“లేదండీ. గాలి తీశాం.”

“టైర్లకా?”

“టైర్లకి నేను తీశానండీ. నాకు మా ఆవిడ తీసింది.”

బాలస్వామి గరిటెతో పెరుగు ముక్క కోసి గిన్నెలో వేసుకున్నాడు. “అయితే రేపట్నుంచి రెండు కుండలు కావాలని ఆవిడకే చెప్పండి” అన్నాడు.