జవాబు రాని డబ్బాలు

ఆ కంప్యూటర్ స్క్రిప్టు రాయమని నన్నెవరూ అడగలేదు. నాకే దురద.

సూర్యాపేటలో మా ఇంటర్నెట్ ఆఫీసంటే ఒక గది, రెండు కంప్యూటర్లు, నేను. పొద్దంతా నాతో మాట్లాడే మనిషి ఒక్కడే, తిరుమలగిరి దగ్గరి ఓ పల్లెలో లైన్లు చూసే బిక్షమన్న. రోజూ పదకొండింటికి ఫోన్ చేసి, "తిన్నవా తమ్మీ?" అని అడిగాకే పని సంగతి ఎత్తేవాడు.

నా స్క్రిప్టు ఐదు నిమిషాలకోసారి ప్రతి ఇంట్లోని వైఫై డబ్బాకు పది ప్యాకెట్లు, అంటే 'ఉన్నావా' అని అడిగే చిన్న సందేశాలు, పంపుతుంది. ఎన్ని తిరిగొచ్చాయో, ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో రాసిపెడుతుంది. జవాబివ్వని ఇల్లు తెరమీద ఎర్రగా కనిపిస్తుంది. మొదటి వారమంతా బిక్షమన్న ఊరు ఒక్క ఇల్లు తప్ప పొద్దున తొమ్మిదికి ఎర్రబడి, సాయంత్రం ఆరు దాటాకే పచ్చబడింది. ఓనర్ జనార్దన్ సార్‌కు గొప్పగా చూపించాను.

"పగలంతా లైన్ డౌన్ ఉంటే వీడేం జేస్తున్నడు, పండుకుంటున్నడా? వారంల సక్కగ గాకుంటే తీసేస్త" అన్నాడు.

సార్ తిట్లు తిని, ఆ సాయంత్రమే బిక్షమన్న ఫోన్ చేశాడు. "నీ తెరల ఏం కనబడ్తదో నాకు తెల్వదు గని, లైన్ మంచిగనే ఉంది తమ్మీ. ఒక్కసారొచ్చి సూడు."

"మిషన్ అబద్ధం చెప్తదా అన్నా?" అన్నాను. ఎంత పొగరు నాకు! బస్సెక్కితే చేరే ఊరు. వెళ్లలేదు.

వారానికి ఆయన్ని తీసేశారు. మరునాడు పదకొండింటికి నా ఫోన్ మోగలేదు. ఆ మరునాడూ అంతే. ఉండబట్టలేక బస్సెక్కాను.

ఊళ్లో ఏ ఇంటికి చూసినా తాళమే. అరుగుమీద కూర్చున్న సైదమ్మ అనే ముసలామెను అడిగాను.

"అందరు పత్తి ఏరనీకి పోయిన్రు బిడ్డా. ఇంట్ల మనుషులు లేనప్పుడు కరెంటు దండగ గాదా? డబ్బ బంజేసి పోతరు, మాపటికొచ్చి ఏస్తరు."

నా తెలివి తగలెయ్య! తెగిన లైనుకూ ఆపేసిన డబ్బాకూ తేడా నా స్క్రిప్టుకు తెలియదు. నాకైనా తెలియాలి కదా? మా అమ్మ కూడా చేనుకు పోతూ కరెంటు మెయిన్ స్విచ్ ఆపే పోయేది. బిక్షమన్న ఇంటిదాకా వెళ్లడానికి ముఖం చెల్లక అలాగే తిరిగొచ్చాను.

సార్‌కు అంతా చెప్పాను. "కొత్తోడు చేరిండు గదా, ఇగ ఇడిసెయ్" అన్నాడు.

ఆ ఊళ్లో పగలు కూడా పచ్చగా ఉండే ఇల్లు ఒక్కటే ఉండేది. లైన్ పరీక్షకని బిక్షమన్న తన డబ్బా ఎప్పుడూ ఆపేవాడు కాదు. ఈ రోజు తొమ్మిదికి అదీ ఎర్రబడింది. ఆయనా పత్తి ఏరడానికే పోయాడు.

సాయంత్రందాకా తెర ముందే కూర్చున్నాను. ఆరున్నరకు పచ్చబడింది. పది ప్యాకెట్లకు పది జవాబులూ వచ్చాయి. వెంటనే ఫోన్ చేశాను. చివరిదాకా మోగింది. ఎత్తలేదు.