కిటికీ కింది గొట్టం

ఆ చలికాలంలో మూడోసారి గొట్టం గడ్డకట్టిన పొద్దున వైనో తీర్పు చెప్పేశాడు. సింకును కిటికీ కింద నుంచి పీకి, పొయ్యి ఉన్న లోపలి గోడకు మార్చేస్తాడట. ఉత్తరపు గోడలో నీళ్ళ గొట్టం పెట్టింది మామగారు, ముప్పై ఏళ్ళుగా దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుంటున్నది తాను. ఇక చాలన్నాడు.

సరస్సు మీద నుంచి వచ్చే గాలి ఆ గోడనే ముందు తాకుతుందని అతని భార్య హెల్మీకీ తెలుసు. కానీ సింకు ముందు నిలబడితేనే పొలం అవతల చెల్లెలు ఔనే ఇల్లు కనిపిస్తుంది. మిగతా కిటికీలకు కట్టెల కొట్టం అడ్డం.

ఔనే భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది. రెండిళ్ళూ తండ్రి ఒకే కొలతతో కట్టినవే. ఆయన పొలం మధ్యలో కట్టిన సౌనా అనే ఆవిరి స్నానాల గదిని, దూలాలు పుచ్చిపోయాయని హెల్మీ ఒక వేసవిలో కూలగొట్టించింది. చెల్లెల్ని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. అప్పటినుంచి అక్కచెల్లెళ్ళకు మాటల్లేవు. చర్చిలో ఒకే వరుసలో కూర్చుని, ఒకరి కోటు ఒకరికి తగలకుండా లేచి వస్తారు.

అయినా రోజూ పొద్దున హెల్మీ కాఫీ గిన్నె కడిగే వేళకు ఔనే వంటింటి కిటికీ తెర పైకి లేస్తుంది. ఒక రోజు మధ్యాహ్నమైనా లేవలేదు. హెల్మీ వెళ్ళి చూస్తే ఔనే జ్వరంతో పడి ఉంది. డాక్టరును పిలిపించి, చేపల పులుసు పొయ్యి మీద పెట్టి, మాట్లాడకుండానే తిరిగి వచ్చేసింది. ఈ సంగతి వైనోకు చెబితే, అంత ప్రేమ ఉంటే నోరు తెరిచి పలకరించవచ్చుగా అంటాడు. అందుకే చెప్పలేదు.

వైనో కొత్త గొట్టాలు కొనడానికి ఊళ్ళోకి వెళ్ళాక హెల్మీ సింకు కింది అలమర ముందు కూర్చుంది. ఆమెకు ఒకటి అంతుపట్టలేదు. పాత రోజుల్లో గోడలో ఉన్నది రంపపు పొట్టు, అదీ సగానికి సగం అడుక్కు దిగిపోయింది. అప్పుడు మహా చలికి తప్ప గొట్టం గడ్డకట్టేది కాదు. శరదృతువులో వైనో అలమర వెనక చెక్క కోసి, పొట్టు తోడేసి, చలి ఆపడానికి గాజుదూది కూరాడు. ఆ తర్వాతే ఓ మోస్తరు చలికి కూడా నీళ్ళు ఆగిపోతున్నాయి.

మేకులు ఊడదీసి చెక్క పక్కన పెట్టింది. దూది గొట్టానికి వెనకా ఉంది, ముందూ ఉంది. వైనో ఏ పనీ తక్కువ చేసే మనిషి కాదు. వెనక ఉన్నది బయటి చలిని ఆపుతోంది, బాగానే ఉంది. ముందున్నది వంటింటి వెచ్చదనాన్ని గొట్టం దాకా పోనివ్వడం లేదు. పొయ్యికీ పసిపిల్లకీ మధ్య దుప్పటి అడ్డం కట్టినట్టుంది. చేతులకు పాత మేజోళ్ళు తొడుక్కుని ముందున్న దూదంతా లాగేసింది. వెనక ఉన్నదాన్ని బయటి పలకకు ఆనేలా సర్దింది. చెక్క మళ్ళీ బిగించలేదు, అలమర తలుపులు మూయలేదు.

వైనో వచ్చి, నేల మీద గుట్టగా ఉన్న దూదిని చూశాడు.

"నేను కష్టపడి కూరినదాంట్లో సగం పీకేశావా?"

"ఒక్క రాత్రి ఆగు. పొద్దున నీళ్ళు రాకపోతే నీ ఇష్టం. సింకు నేనే ఒక పక్క పట్టుకుంటాను."

"మీ నాన్న మొండితనం ఎక్కడికీ పోలేదు, నీలోనే ఉంది," అని కొత్త గొట్టాలు తలుపు దగ్గరే ఆనించి పెట్టాడు.

ఆ రాత్రి మబ్బు లేదు, మంచు కురవలేదు, అంటే చలి ముదిరిందని అర్థం. తెల్లవారేసరికి కిటికీ అద్దాల లోపలి వైపు కూడా తెల్లగా పేరుకుంది. వైనో ముందుగా లేచి కుళాయి తిప్పాడు. గొట్టం ఒకసారి దగ్గి నీళ్ళు వదిలింది. అతను వేళ్ళు కొంకర్లు పోయేదాకా చెయ్యి ధార కింద పెట్టే ఉంచాడు.

"మరి ఈ గొట్టాలేం చేసుకోను?"

"కొట్లో తిరిగిచ్చేయ్. మిగిలిన దూది ఔనేకు ఇయ్యి. ఆమె ఇంటి గోడా ఇలాంటిదే."

ఆ పేరు భార్య నోట విని ఎన్నేళ్ళయిందో వైనోకు గుర్తు లేదు. అతను కాఫీలో చక్కెర కలుపుకుంటూ అన్నాడు.

"నేనిస్తే ఏం లాభం? గది వైపు పెట్టకమ్మా అని చెప్పాలి కదా. అలా పెట్టిన నేనే చెబితే ఎవరు నమ్ముతారు?"

హెల్మీ దూదిని పాత దుప్పట్లో మూట కట్టింది. కాఫీ గిన్నె కడుగుతూ కిటికీ దగ్గర నిలబడింది. పొలం అవతల తెర ఇంకా లేవలేదు. అది లేచేదాకా ఆగి, అప్పుడు బూట్లు తొడుక్కుంది.